ఒమన్‌లో తొమ్మిది రాత్రులు, ఎనిమిది చోట్లు: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే దిద్దండి. జనవరి రెండో వారంలో హైదరాబాద్ నుంచి ఒమన్ వస్తున్నారు. మీరిద్దరు, మీ అమ్మానాన్నలు, మొత్తం నలుగురు. మీ 25వ పెళ్ళిరోజు కాబట్టి ఖర్చుకు వెనకాడటం లేదు, మంచి హోటళ్ళే కావాలి. నాన్నగారు నీటిపారుదల శాఖలో రిటైరయ్యారు, మోకాళ్ళ నొప్పి ఉంది. అమ్మగారు గుడ్డు కూడా ముట్టరు. చేతిలో ఉన్నవి 9 రాత్రులు. మీ జాబితాలో ఉన్నవి మస్కట్, నిజ్వా, జబల్ అఖ్దర్, జబల్ షమ్స్, వహీబా ఎడారి, తాబేళ్ళ రాస్ అల్ జిన్జ్, సలాలా, ముసందం. "ఇవన్నీ ఏ వరుసలో పెట్టుకుంటే హాయిగా ఉంటుంది?" అని అడిగారు.

ఏ వరుసలో పెట్టినా హాయిగా ఉండదండీ. ఎనిమిదిలో నాలుగు తీసేయాలి. సలాలా, ముసందం, రాస్ అల్ జిన్జ్, జబల్ షమ్స్ ఈసారికి వదిలేయండి. మస్కట్‌లో 2 రాత్రులు, నిజ్వాలో 1, జబల్ అఖ్దర్‌లో 3, ఎడారిలో 1, చివర్లో మళ్ళీ మస్కట్ సముద్రం ఒడ్డున 2. నగరం, పాత కోట ఊరు, కొండ, ఇసుక, సముద్రం అన్నీ ఇందులోనే వచ్చేస్తాయి. కారు డ్రైవర్‌తో సహా మాట్లాడుకోండి. మీరు నడపొద్దు.

నేను మస్కట్‌లో 18 ఏళ్ళుగా ఉంటున్నాను. అందులో 13 ఏళ్ళు ఇలాంటి ప్రయాణాల ఏర్పాట్లే నా ఉద్యోగం. ఆ అనుభవంతో చెప్తున్నాను, డబ్బు పెట్టగలిగినవాళ్ళు ఇక్కడ చేసే తప్పు చౌక హోటల్ తీసుకోవడం కాదు, రోజుకో హోటల్ తీసుకోవడం. బస మార్చే రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున్న పెట్టెలు సర్దాలి, 12 గంటలకు గది ఖాళీ చేయాలి, మధ్యాహ్నం 3 దాకా కొత్త గది ఇవ్వరు. జనవరిలో ఇక్కడ సాయంత్రం ఆరు లోపే పొద్దు గుంకుతుంది. అంటే అంత డబ్బు పోసిన గది బాల్కనీలో మీరు వెలుతురు చూసేది రెండు గంటలే. పోయిన ఏడాది ఒక కుటుంబం నేను వద్దంటున్నా వినకుండా 8 రాత్రుల్లో 7 హోటళ్ళు పెట్టించుకుంది. వెళ్ళేరోజు విమానాశ్రయంలో ఆ ఇంటి పెద్దావిడ, "బాబూ, ఏ ఊళ్ళో ఏ గదో నాకు గుర్తులేదు, సూట్‌కేస్ జిప్పు ఒక్కటే గుర్తుంది" అంది.

ఆ నాలుగూ ఎందుకు తీసేయమన్నానంటే

ముసందం ఒమన్ దేశంలోనిదే, కానీ మిగతా ఒమన్‌కు అతుక్కుని ఉండదు. మధ్యలో యూఏఈ ఉంది. మస్కట్ నుంచి రోడ్డు మీద వెళ్ళాలంటే ఇంకో దేశం సరిహద్దు దాటి, మళ్ళీ ఒమన్‌లోకి రావాలి. భారత పాస్‌పోర్టుతో అది రెండు వీసాల వ్యవహారం. ముసందంలో ముఖ్య పట్టణమైన ఖసబ్‌కు విమానం ఉంది, గంట ప్రయాణం, కానీ దానికోసం రెండు రోజులు కేటాయించాలి. అందరూ ఫొటోల్లో చూసి మోజుపడే జిగీ బే రిసార్ట్ ఉన్నది ఖసబ్‌లో కాదు, యూఏఈ సరిహద్దును ఆనుకున్న దిబ్బా అనే ఊరి వైపు. అక్కడికి దుబాయ్ నుంచి రావడమే తేలిక. మీరు ఎప్పుడైనా దుబాయ్ వెళ్తే దానికి నాలుగు రోజులు కలుపుకోండి. కొండ అంచు నుంచి పారాగ్లైడింగ్ చేస్తూ హోటల్లో దిగే ఏర్పాటు కూడా ఉంది అక్కడ. నాన్నగారిని మాత్రం కారులోనే తీసుకెళ్ళండి.

సలాలా గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. మీరు యూట్యూబ్‌లో చూసిన పచ్చటి కొండలు, జలపాతాలు, పొగమంచు అన్నీ ఖరీఫ్ కాలానివి. ఆ మాట మనకు కొత్త కాదు కదా. అక్కడ కూడా నైరుతి గాలుల కాలాన్ని ఖరీఫ్ అనే అంటారు, కాకపోతే అరబ్బీలో ఆ మాటకు శరదృతువు అని అర్థం. జూన్ 21 నుంచి సెప్టెంబరు 21 దాకా లెక్క. జనవరిలో ఆ కొండలు ఎండిపోయి గోధుమ రంగులో ఉంటాయి. సముద్రం బాగుంటుంది, సాంబ్రాణి చెట్లుంటాయి, యునెస్కో గుర్తించిన పాత రేవులు అల్ బలీద్, సుమ్హురం ఉంటాయి. అవన్నీ చూడదగ్గవే. కానీ మస్కట్ నుంచి వెయ్యి కిలోమీటర్లు. విమానంలో వెళ్ళొచ్చినా కనీసం మూడు రాత్రులు కావాలి. ఇంకో మాట చెప్తే ఇక్కడివాళ్ళు నొచ్చుకుంటారు గానీ, జూలైలో అరకు చూసిన మనకు సలాలా పచ్చదనం అంత పెద్ద వింత కాదు. దుబాయ్, రియాద్ ఎండల్లోంచి పారిపోయి వచ్చేవాళ్ళకు అది స్వర్గం.

రాస్ అల్ జిన్జ్‌లో పచ్చ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. ఏడాది పొడవునా అంతో ఇంతో వస్తాయి గానీ, ఎక్కువగా వచ్చేది మే నుంచి సెప్టెంబరు దాకా. జనవరిలో చలిగాలిలో, చీకట్లో, ఇసుకలో నడిచి వెళ్ళి ఒక్క తాబేలూ కనపడక తిరిగొచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. మోకాళ్ళ నొప్పితో ఆ నడక అవసరమా?

జబల్ షమ్స్ దాదాపు 3,000 మీటర్ల ఎత్తు, దేశంలో అన్నిటికంటే పెద్ద కొండ. దాని పక్కనున్న లోయ నిజంగా గుండె ఝల్లుమనిపిస్తుంది. అయితే అక్కడ మీరు కోరే స్థాయి హోటల్ లేదు. జబల్ అఖ్దర్‌లో ఉంటూ పొద్దున్నే బయల్దేరి చూసి రావాలంటే రోజంతా కారులోనే. అఖ్దర్‌లో మీ గది ముందే ఒక లోయ ఉంటుంది, ఇంకో లోయ కోసం కొండ దిగి ఇంకో కొండ ఎక్కడం నాకు సబబుగా అనిపించదు. మీరిద్దరే వస్తున్నట్టయితే వేరేలా చెప్పేవాణ్ణి. ఆ లోయ అంచున నడిచే దారి ఒకటి ఉంది, అది నాకు ఒమన్‌లో అన్నిటికంటే ఇష్టమైన నడక.

మొదటి రెండు రాత్రులు, మస్కట్

మంగళవారం దిగేలా టికెట్ చూసుకోండి, ఎందుకో నిజ్వా దగ్గర చెప్తాను. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, నాలుగు గంటలు కూడా పట్టదు. గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి.

బుధవారం పొద్దున్న సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదు. ముస్లిమేతరులను శనివారం నుంచి గురువారం దాకా ఉదయం 8 నుంచి 11 వరకే రానిస్తారు, శుక్రవారం రానివ్వరు. ఆడవాళ్ళకు తల మీద చున్నీ, మణికట్టు దాకా చేతులు, చీలమండ దాకా బట్ట ఉండాలి. చీర కట్టుకొస్తే నడుము కనపడుతోందని గుమ్మం దగ్గర ఆపేస్తారు. అమ్మగారికి ఆ ఒక్క పూట పొడుగు చేతుల చుడీదార్ వేయించండి. 2001లో తెరిచిన ఈ మసీదుకు వాడిన ఇసుకరాయి మూడు లక్షల టన్నులు, అదంతా మన దేశం నుంచే వచ్చింది. లోపల 14 మీటర్ల షాండ్లియర్ కింద నిలబడి అందరూ తలెత్తి పైకే చూస్తారు. మీరు కిందికి కూడా చూడండి. ఆ తివాచీని ఇరాన్‌లో వందల మంది ఆడవాళ్ళు నేశారు, మొత్తం పూర్తవడానికి నాలుగేళ్ళు పట్టింది.

అమ్మగారు గుడికి వెళ్ళాలంటే పాత మస్కట్‌లో సుల్తాన్ ప్యాలెస్‌కు దగ్గర్లోనే మోతీశ్వర శివాలయం ఉంది. వందేళ్ళ పైబడినది. గుజరాతీ వర్తకులు ఇక్కడ తరతరాలుగా ఉన్నారు, వాళ్ళ చలవే. శివరాత్రికి తెలుగువాళ్ళం కూడా బాగానే పోగవుతాం.

సాయంత్రం మత్రా సూక్, అంటే మత్రా పేటలోని పాత బజారు. అక్కడ బేరమాడాలి, కానీ ముందు డబ్బు లెక్క అర్థం చేసుకోవాలి. ఒక రియాల్‌కు వెయ్యి బైసాలు, కాబట్టి చుక్క తర్వాత మూడు అంకెలుంటాయి. 12.500 అని రాసుంటే పన్నెండున్నర రియాల్, పన్నెండు వేల అయిదు వందలు కాదు. నా దగ్గరికి వచ్చిన ఒకాయన సాంబ్రాణి పొట్లం మీద 4.500 చూసి, "నాలుగు వేల అయిదొందలేంట్రా, దోపిడీ!" అని కొట్టు మధ్యలో తెలుగులో కేకలేశాడు. అయితే రియాల్ చిన్న నోటు అనుకోకండి, ఒక్క రియాల్ మన డబ్బుల్లో 200 రూపాయల పైమాటే. సాంబ్రాణి కొంటే పచ్చ ఛాయ ఉన్న హోజరీ రకం అడగండి, ఒక పలుకు నిప్పు మీద వేయించుకుని చూసి కొనండి.

నిజ్వాలో ఒక్క రాత్రి

గురువారం మధ్యాహ్నానికి నిజ్వా చేరండి, రెండు గంటల లోపు దారి. ఇక్కడ ఒక్క రాత్రే ఎందుకంటే శుక్రవారం పొద్దున్న జరిగే మేకల సంత కోసం. ఆరున్నరకల్లా కోట గోడల పక్కనున్న మైదానంలో జనం గుండ్రంగా కూర్చుంటారు, మధ్యలో ఇంకో వరుస నిలబడుతుంది. ఆ రెండు వరుసల నడుమ అమ్మేవాళ్ళు మేకను తాడు పట్టి లాక్కుంటూ, ధర అరుస్తూ తిరుగుతారు. కొనేవాడు కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాపి మేకను ఆపి, వెన్ను నిమిరి, నోరు తెరిచి పళ్ళు చూసి, తల అడ్డంగా ఊపి వదిలేస్తాడు. మన వారపు సంతలు చూసినవాళ్ళకు అరబ్బీ రాకపోయినా అంతా అర్థమైపోతుంది. తొమ్మిదికల్లా సంత పలచబడుతుంది. మస్కట్ నుంచి తెల్లారుజామున బయల్దేరి వచ్చేవాళ్ళు సగమే చూస్తారు.

నిజ్వాలో రిసార్టులు వెతక్కండి. కోట పక్కనున్న పాత మట్టి ఇళ్ళను బాగుచేసి నడుపుతున్న చిన్న బసలే అందం. ఒక్క హెచ్చరిక. మెట్లు ఇరుకు, నిటారుగా ఉంటాయి. నాన్నగారికి కింది అంతస్తు గది అని బుక్ చేసేటప్పుడే రాయించుకోండి, ఫోన్‌లో "చూద్దాం సార్" అంటే ఒప్పుకోకండి.

17వ శతాబ్దపు నిజ్వా కోటలో పెద్ద బురుజు పైదాకా నాన్నగారు ఎక్కలేకపోతే ఏం ఫరవాలేదు. కింద ఖర్జూరాల గది చూపించండి. నేల మీద కాలవల్లా గాడులు ఉంటాయి. ఖర్జూరం బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చితే ఆ బరువుకు పాకం కారి, ఆ గాడుల వెంట ఒక మూలకు చేరేది. తినడానికి సరే, శత్రువు ద్వారం దాకా వస్తే మరగకాచి పైనుంచి పోయడానికి కూడా అదే.

నాన్నగారి కోసం నేను తప్పకుండా కలిపేది ఫలజ్ దారిస్. ఫలజ్ అంటే భూగర్భ జలాన్నో కొండ ఊటనో కేవలం వాలు మీద ఊరికి తెచ్చే కాలవ. మోటారు లేదు, తొట్టి లేదు. ఒమన్‌లో ఇలాంటివి ఇప్పటికీ మూడు వేలకు పైగా పారుతున్నాయి. వాటిలో అయిదింటిని 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు, దారిస్ అందులో ఒకటి. కాలవ మొదట్లో తాగే నీళ్ళు, తర్వాత మసీదు, స్నానాలు, చివరికి ఖర్జూరపు తోటలు. తోటలకు నీళ్ళు వంతులవారీగా వెళ్తాయి, వాటా అంటే నీళ్ళ కొలత కాదు, సమయం. ఒక అథర్ అంటే సుమారు అరగంట. పూర్వం పగలు కర్ర నీడ చూసి, రాత్రి చుక్కలు చూసి వంతులు మార్చేవాళ్ళు. మన వారాబందీ (కాలవ నీళ్ళ వంతుల) గొడవలన్నీ చూసొచ్చిన ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు ఇక్కడ గట్టు మీద కూర్చుని, చివరి పొలానికి నీళ్ళు అందకపోతే ఎవరు తీరుస్తారో డ్రైవర్‌ను గంటసేపు అడిగారు. మా డ్రైవర్ తాతగారు ఫలజ్ పెద్ద కావడంతో ఇద్దరికీ బాగా కుదిరింది, మేం మిగతా కార్యక్రమం మానుకున్నాం.

మూడు రాత్రులు కొండ మీద

మీ ఖర్చులో పెద్ద భాగం ఇక్కడ పెట్టండి. జబల్ అఖ్దర్ అంటే పచ్చకొండ. దాని మీదున్న సయ్క్ పీఠభూమి దాదాపు 2,000 మీటర్ల ఎత్తు, అంటే ఊటీకి కాస్త తక్కువ. అంచున రెండు పెద్ద హోటళ్ళున్నాయి, అనంతరా, అలీలా. అనంతరాలో సౌకర్యాలు, విల్లాలు, సందడి ఎక్కువ. అలీలా రాతి గోడలతో ఊరికి దూరంగా, నిశ్శబ్దంగా ఉంటుంది. అమ్మానాన్నలతో అయితే అనంతరా, మీరిద్దరే అయితే అలీలా అంటాను. 1986లో బ్రిటన్ యువరాణి డయానా వచ్చి నిలబడిన చోటు ఇప్పుడు అనంతరా ఆవరణలోనే ఉంది, ఆమె పేరుతోనే పిలుస్తారు. లోయ కనిపించే గదికే డబ్బు పెట్టండి. తోట వైపు గది తీసుకుని మిగిల్చే డబ్బు తర్వాత మిమ్మల్ని బాధపెడుతుంది.

కొండ ఎక్కే దారి గురించి. కొండ కిందున్న బిర్కత్ అల్ మౌజ్ ఊరి దగ్గర పోలీసు చెక్‌పోస్టు ఉంది, ఫోర్ వీల్ డ్రైవ్ బండి కాకపోతే అక్కడినుంచే వెనక్కి పంపిస్తారు. రోడ్డు చక్కటి తారు రోడ్డే, సమస్య వాలు. దిగేటప్పుడు బ్రేకులు కాలిపోయిన సందర్భాలు ఉండబట్టే ఆ నియమం. బ్రేకు పడని బండి ఎక్కి ఆగడానికి దారి పక్కన కంకర దిబ్బల దారులు కూడా వేశారు. ఒకసారి వేరే చోట బుక్ చేసుకున్న ఒక జంటకు ఏజెంటు మామూలు సెడాన్ పంపాడు. చెక్‌పోస్టు దగ్గర గంటన్నర కూర్చుని, ఎవరో చెప్తే నాకు ఫోన్ చేశారు. హోటల్ బండి వచ్చి పైకి తీసుకెళ్ళేసరికి చీకటి పడింది, లోయ మీద సూర్యాస్తమయానికని కట్టిన భోజనం డబ్బు పోయింది. కాబట్టి బండి రకం కాగితం మీద రాయించుకోండి.

బండి గురించి ఇంకొకటి. లాండ్ క్రూయిజర్ ఒకటి చాలనుకుంటారు. నలుగురు మనుషులు, డ్రైవరు, మన వాళ్ళ ఆరు పెద్ద సూట్‌కేసులు దాంట్లో పట్టవు. మనిషికి ఒక మధ్యరకం పెట్టె, ఒక చేతిసంచి. అంతకు మించితే రెండు బండ్లు, లేదా పెద్ద పెట్టెల్ని చివర్లో మీరు దిగబోయే మస్కట్ హోటల్లో ముందే వదిలి వెళ్ళండి. అడిగితే పెట్టుకుంటారు.

మూడు రాత్రులు అక్కడ ఏం చేయాలని అడగొచ్చు. ఒక రోజు ఏమీ చేయకపోవడమే పని. ఒక పొద్దున్న అల్ అక్ర్, అల్ ఐన్, షిరైజా ఊళ్ళ మెట్ల పొలాల మధ్య నడక. మీ ఇద్దరికీ బాగుంటుంది, నాన్నగారికి ఎదురు గట్టు నుంచి చూస్తే చాలు. ఈ ఊళ్ళలోనే గులాబీలు పండిస్తారు. జనవరిలో పూలుండవు, మోళ్ళే ఉంటాయి, ఆ మాట ముందే చెప్తున్నాను. పూసేది మార్చి చివరి నుంచి మే మొదటి దాకా. నేను ఏప్రిల్‌లో చూసిన పన్నీరు బట్టీ ఇప్పటికీ కళ్ళముందుంది. చీకటి గదిలో మట్టి పొయ్యి దిమ్మె, దాంట్లో వరసగా దింపిన కుండలు, అడుగున కట్టెల మంట. కుండలో రేకులు పోసి, వాటి పైన ఆవిరి చేరడానికి ఒక రాగి గిన్నె, ఆ పైన చన్నీళ్ళతో ఇంకో పాత్ర మూతలా. చన్నీళ్ళ అడుగు తగిలి చల్లారిన ఆవిరి బొట్టు బొట్టుగా రాగి గిన్నెలో పడుతుంది. బట్టీ నడిపే ముసలాయన మూత తీసి నా చేతిలో కొంచెం పోశాడు. మన పెళ్ళిళ్ళలో చల్లే పన్నీరులా తియ్యటి వాసన కాదు. పొగ వాసన, దాని వెనకాల పువ్వు. ఊళ్ళో దొరికే సీసా కొనుక్కోండి, అడుగున కాస్త మడ్డి ఉంటే అసలైనదన్నమాట.

రాత్రిపూట చలి గట్టిగానే ఉంటుంది, కొన్ని రాత్రులు సున్నాకు దగ్గరగా దిగుతుంది. "అరబ్ దేశంలో చలేంటి" అని స్వెట్టర్ లేకుండా వచ్చేవాళ్ళే ఎక్కువ. శాలువా, మంకీ క్యాప్, మేజోళ్ళు, పెదాలకు రాసుకునేది తప్పనిసరి. ఇక్కడ భోజనంతో కూడిన ధర తీసుకోండి, హోటల్ దాటితే దగ్గర్లో ఏమీ దొరకదు.

అమ్మగారి తిండి

దీనికి మీరు పడే టెన్షన్‌లో సగం చాలు. ఇక్కడి హోటల్ వంటగదుల్లో మలయాళీలు, ఆంధ్రా కుర్రాళ్ళు ఉంటారు. నాలుగు రోజుల ముందు రాసి పంపితే పప్పు, కూర, పెరుగన్నం ఏర్పాటు అవుతుంది. కాకపోతే "వెజిటేరియన్" అని ఒక్క మాట రాస్తే సరిపోదు. చేప లేదు, గుడ్డు లేదు, మాంసం ఉడికించిన నీళ్ళతో చేసిన సూప్ గానీ అన్నం గానీ వద్దు అని విడివిడిగా రాయండి. ఎడారి క్యాంపులో రాత్రి భోజనం బార్బెక్యూనే, ఆమె కూరగాయలకు వేరే జాలీ పెట్టమని అడగండి. మస్కట్‌లో అయితే రువీ అనే పేటకు వెళ్తే దోసె, సాంబారు ఏ పూటైనా దొరుకుతాయి.

పచ్చళ్ళు, పొడులు తెచ్చుకోండి గానీ గసగసాలు, అవి కలిపిన మసాలా పొడి వద్దు. గల్ఫ్‌లో చాలా చోట్ల అవి మత్తు పదార్థాల లెక్కలోకి వస్తాయి. నాన్నగారి మందులకు డాక్టరు చీటీ జత చేయండి. మీ అబ్బాయి డ్రోన్ ఇచ్చి పంపుతాడేమో, దానికి ఇక్కడ అనుమతి కావాలి, ఇంట్లోనే ఉంచండి.

ఎడారిలో ఒక్క రాత్రి

కొండ దిగి ఎడారి అంచునున్న బిదియా ఊరు చేరడానికి నాలుగు గంటలు పట్టొచ్చు. పొద్దున్న తొమ్మిదికే బయల్దేరండి. బిదియాలో టైర్ల కొట్టు దగ్గర డ్రైవర్ ఆపి, నాలుగు చక్రాల్లో గాలి తీస్తాడు. 35 పీఎస్ఐ దగ్గరున్న గాలి ఒత్తిడిని 18కో 16కో దింపుతాడు, టైరు కింద భాగం రోటీలా పరుచుకుంటుంది. అప్పుడే బండి ఇసుకలో మునగకుండా తేలుతుంది. ఆ బుస్సుమనే చప్పుడు వినగానే పిల్లలకు ఎడారి మొదలైనట్టు, నాకు ఇప్పటికీ అంతే.

వహీబా ఇసుకలకు ఇప్పుడు అధికారిక పేరు షర్ఖియా ఇసుకలు. ఉత్తరం నుంచి దక్షిణానికి 180 కిలోమీటర్లు, అడ్డంగా 80. మూడున్నరకల్లా క్యాంపులో ఉండాలి, లేకపోతే దిబ్బ ఎక్కేలోపే సూర్యుడు వెళ్ళిపోతాడు. ఎక్కలేనివాళ్ళను బండిలోనే దిబ్బ మీదికి తీసుకెళ్తారు. ఒంటె సవారీ నాన్నగారికి వద్దు, ఒంటె లేచేటప్పుడు ముందుకీ వెనక్కీ ఇచ్చే ఊపు నడుముకు మంచిది కాదు.

క్యాంపు ఎంచుకునేటప్పుడు ఫొటోలు చూసి మోసపోకండి. ఒక ఖరీదైన క్యాంపులో మా అతిథులకు గుడారం జనరేటర్‌కు ముప్పై అడుగుల దూరంలో ఇచ్చారు. దానికి తోడు పక్కనే కంపెనీ బృందం ఒకటి అర్ధరాత్రి దాకా డీజే పెట్టింది. నక్షత్రాల కోసం వచ్చినవాళ్ళు స్పీకర్లు లెక్కపెట్టారు. అప్పటినుంచి బుక్ చేసేముందు మూడే ప్రశ్నలు అడుగుతాను. జనరేటర్ ఎంత దూరం? స్నానాలగది గుడారంలోనే ఉందా? ఆ రాత్రి పెద్ద బృందం ఏదైనా ఉందా? శుక్ర, శనివారాలు ఇక్కడ వారాంతం కాబట్టి నేను మీకు ఎడారిని సోమవారానికి పెట్టాను. ఖర్చు పెట్టగలిగితే మీ నలుగురికే విడిగా గుడారాలు వేసి, వంటవాణ్ణి పెట్టి ఇచ్చే సంస్థలూ ఉన్నాయి. అలాగైతే రెండు రాత్రులుండండి, మస్కట్‌లో ఒకటి తగ్గించండి. మామూలు క్యాంపులో పెద్దవాళ్ళతో ఒకటి చాలు.

అక్కడ కహ్వా ఇస్తారు, యాలకులు వేసిన పాలు లేని కాఫీ, చెవి లేని చిన్న కప్పులో. కుడిచేత్తో తీసుకోవాలి. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ రెండుసార్లు ఊపి తిరిగి ఇవ్వాలి. ఊపకుండా ఇస్తే ఇంకా కావాలని అర్థం. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మర్యాదకు ఖాళీ కప్పు చాపుతూ పోయాడు, అవతలివాడు మర్యాదకు నింపుతూ పోయాడు. ఏడు కప్పులయ్యాక నేను చూశాను.

తిరుగు దారి, సముద్రం

మంగళవారం పొద్దున్న వాదీ బనీ ఖాలిద్. వాదీ అంటే వాగు లోయ. కొండల మధ్య పచ్చటి నీటి మడుగులు, మొదటి మడుగు దాకా నడక సులువే, నాన్నగారు కూడా వస్తారు. వాదీ షాబ్ మాత్రం వద్దు, అక్కడ పడవ దాటి, బండల మీద ముప్పావు గంట నడిచి, ఈదితే గానీ అసలైన చోటు రాదు. మధ్యాహ్నం సూర్‌లో భోజనం, పాత చెక్క ఓడలు కట్టే చోటు. ఆ ఓడల టేకు మలబారు తీరం నుంచి వచ్చేది. అక్కడినుంచి మస్కట్ రెండు గంటల పైన, కుడివైపంతా సముద్రమే.

ఆకాశం మబ్బు పట్టి ఉంటే వాదీల వైపు వెళ్ళొద్దు. పైన కొండల్లో కురిసిన వాన ఇక్కడ ఎండలో ఉన్నవాళ్ళ మీదికి వస్తుంది. పారుతున్న వాదీని బండితో దాటడం నేరం కూడా. డ్రైవర్ వద్దంటే ఒప్పించే ప్రయత్నం చేయకండి.

చివరి రెండు రాత్రులకు అల్ బుస్తాన్ ప్యాలెస్ గానీ, బర్ర్ అల్ జిస్సాలోని షాంగ్రీలా గానీ. మొదటిది 1985లో గల్ఫ్ దేశాధినేతల సమావేశం కోసం కట్టినది, వెనక నల్లకొండలు, ముందు సొంత బీచ్. పెళ్ళిరోజు విందు ఇక్కడే పెట్టుకోండి. ఎడారిలో పెట్టుకుంటే గాలి వీచిందంటే కేకు మీద ఇసుకే. మద్యం లైసెన్సున్న హోటళ్ళు, రెస్టారెంట్లలోనే దొరుకుతుంది.

డబ్బు విషయంలో, వెబ్‌సైటులో కనిపించే గది ధర చాలాసార్లు చివరి ధర కాదు. సర్వీసు ఛార్జీ, పర్యాటక, మునిసిపల్ పన్నులు, 5 శాతం వ్యాట్ పైన పడతాయి, "అన్నీ కలిపి ఎంత" అని అడిగి రాయించుకోండి. వీసా ఆన్‌లైన్‌లో రాయల్ ఒమన్ పోలీస్ సైటు నుంచే తీసుకోవచ్చు. అమెరికా, బ్రిటన్, షెంగెన్ వంటి చెల్లుబాటు వీసా ఉన్న భారతీయులకు సడలింపులు ఇస్తున్నారు. నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఆ సైటు చూసుకోండి.

ఇంటికి ఒమనీ హల్వా తీసుకెళ్తారు కదా, మొదటిరోజు సూక్‌లో కొని కొండలూ ఎడారీ తిప్పకండి, చివరిరోజు మస్కట్‌లో కొనండి. కుంకుమపువ్వు, నెయ్యి ఎక్కువ వేసినది అడగండి, వేడిగా ఉన్నప్పుడు ఒక చెంచా రుచి చూపిస్తారు. అది జిగురుగా ఉంటుంది, చేతిసంచిలో పెడితే తనిఖీ దగ్గర ఆపుతారు. చెక్-ఇన్ పెట్టెలో, రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి పెట్టండి.